ఇండియాలో ఎంబీబీఎస్.. అమెరికాలో కళ్ల డాక్టర్! ఓడీ సీటుకు దారేంటి? ఇంటర్ బైపీసీ దగ్గరే ఎందుకు చిక్కు పడుతోంది?

ఇక్కడ పేరు ముందు ‘డాక్టర్’. అక్కడ విమానం దిగాక.. ఆ మాట వాడుకోవడానికి లైసెన్స్ లేదు. పెళ్లయి అమెరికా వెళ్లిన ఎంతోమంది తెలుగు డాక్టర్లు, డెంటిస్టులు, ఫిజియోథెరపిస్టుల పరిస్థితి ఇదే. అక్కడ ప్రాక్టీస్ చేయాలంటే ఎంబీబీఎస్ వాళ్లు యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు రాయాలి. ఆ తర్వాత రెసిడెన్సీ సీటు దొరకాలి. చదువు ఆపి ఏళ్లు గడిచినవాళ్లకు, చిన్న పిల్లలున్నవాళ్లకు ఆ సీటు అంత సులువు కాదు.

అందుకే కొందరి చూపు ఇప్పుడు ఇంకో కోర్సు మీద పడుతోంది. అదే డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ. షార్ట్‌గా ఓడీ. రెసిడెన్సీ తప్పనిసరి కాదు. రాత్రి డ్యూటీలు తక్కువ. పేరు ముందు మళ్లీ డాక్టర్ అనే మాట వస్తుంది. వినడానికి బాగానే ఉంది. మరి సీటు ఎలా వస్తుంది? ఎంబీబీఎస్ పట్టా ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ ఆగిపోతారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఓడీ అంటే ఎవరు?

మన దగ్గర కళ్లజోడు షాపులో చూపు పరీక్ష చేసేవారిని, ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేసేవారిని.. ఇద్దరినీ ‘కళ్ల డాక్టర్’ అనే పిలుస్తుంటారు. అమెరికాలో లెక్క వేరు. అక్కడ ముగ్గురుంటారు. ఆప్తాల్మాలజిస్ట్ అంటే మెడిసిన్ చదివి, రెసిడెన్సీ చేసి, కంటి ఆపరేషన్లు చేసే డాక్టర్. ఆప్టీషియన్ అంటే ప్రిస్క్రిప్షన్ చూసి కళ్లద్దాలు తయారు చేసి, అమర్చి ఇచ్చే వ్యక్తి. ఈ ఇద్దరి మధ్యలో ఉండేవారే ఆప్టోమెట్రిస్ట్.

కంటి పరీక్ష, కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, కంటి జబ్బులను గుర్తించడం, మందులు రాయడం.. ఇవన్నీ ఆప్టోమెట్రిస్ట్ పనులే. గ్లకోమా లాంటి జబ్బులకు ఎంతవరకు వైద్యం చేయొచ్చు అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టంలో రాసుకుంది. పెద్ద ఆపరేషన్లు మాత్రం ఆప్తాల్మాలజిస్ట్ చేతిలోనే.

ఎంబీబీఎస్ ఉంటే ఏళ్లు తగ్గుతాయా?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. చాలా కాలేజీల్లో జవాబు.. తగ్గవు. ఓడీ నాలుగేళ్ల కోర్సు. ఎంబీబీఎస్, బీడీఎస్, ఫార్మసీ, ఫిజియోథెరపీ.. ఏది చదివి వచ్చినా మామూలుగా మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టాలి. అనాటమీ, ఫిజియాలజీ మళ్లీ చదవాల్సిందే.

‘ఇదేం అన్యాయం’ అనిపించొచ్చు. కానీ కారణం ఉంది. మెడిసిన్‌లో కంటి సబ్జెక్ట్ ఉన్నా, అది ఎక్కువగా జబ్బుల గురించి. ఆప్టోమెట్రీకి పునాది వేరు. కాంతి ఎలా వంగుతుంది, లెన్స్ పవర్ ఎలా లెక్కకట్టాలి, రెండు కళ్లు కలిసి ఎలా పనిచేస్తాయి.. మొదటి ఏడాది నుంచే ఇవి నేర్పుతారు. కళ్లద్దాల పవర్ పైసా తేడా లేకుండా తేల్చడం ఎంబీబీఎస్ డాక్టర్ రోజూ చేసే పని కాదు కదా.

ఇండియాలో బీఆప్టోమ్ చేసినవాళ్ల సంగతి కొంచెం వేరు. విదేశాల్లో ఆప్టోమెట్రీ చదివి వచ్చినవారికి కొన్ని ఏళ్లు తగ్గించి ఓడీ ఇచ్చే ప్రత్యేక ప్రోగ్రాములు ఉన్నాయి. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఇందుకు ఉదాహరణ. అయితే ఇలాంటి కాలేజీలు తక్కువ, సీట్లు ఇంకా తక్కువ. హైదరాబాద్, చెన్నైలలో బీఆప్టోమ్ చేసి వెళ్లేవాళ్లు మామూలు ఓడీకి అప్లై చేసే ముందు ఈ దారి ఉందేమో చూసుకోవడం మంచిది.

అసలు చిక్కు ఇక్కడే.. బైపీసీ!

అమెరికా కాలేజీలు సీటు ఇచ్చే ముందు ఒక లిస్ట్ చూస్తాయి. డిగ్రీ స్థాయిలో ఏయే సబ్జెక్టులు చదివారు అని. బయాలజీ, మైక్రోబయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ, ఇంగ్లిష్.. చాలా చోట్ల క్యాలిక్యులస్ కూడా. సైన్స్ సబ్జెక్టులకు ల్యాబ్ ఉండాలి. కాలేజీని బట్టి లిస్ట్ కొద్దిగా మారుతుంది.

ఇప్పుడు మన ఎంబీబీఎస్ మార్కుల మెమోలు తీసి చూడండి. అనాటమీ ఉంది. ఫిజియాలజీ ఉంది. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఉన్నాయి. ఫిజిక్స్ ఏది? ఆర్గానిక్ కెమిస్ట్రీ ఏది? అవి ఇంటర్‌లో చదివేశారు. కానీ అమెరికా లెక్కలో ఇంటర్మీడియట్ అంటే హైస్కూల్. అక్కడ చదివిన ఫిజిక్స్‌ను కాలేజీ క్రెడిట్‌గా మామూలుగా లెక్కేయరు. ఎంసెట్‌లోనో నీట్‌లోనో ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులొచ్చినా సరే.

ఇక మ్యాథ్స్. బైపీసీ తీసుకున్నవాళ్లు పదో తరగతితోనే మ్యాథ్స్‌కు దండం పెట్టేశారు. ముప్పై ఏళ్లు దాటాక క్యాలిక్యులస్ పుస్తకం తెరవాలంటే ఎవరికైనా గుండె దడే. కానీ ఇది దాటలేని గోడ కాదు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలోనో, యూనివర్సిటీలోనో ఈ నాలుగైదు సబ్జెక్టులు విడిగా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. ముందు అల్జీబ్రా, తర్వాత క్యాలిక్యులస్ అని మెట్లు మెట్లుగా ఎక్కొచ్చు.

రెండు విషయాలు మాత్రం ముందే అడగాలి. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు, ఆన్‌లైన్ ల్యాబులు ఒప్పుకుంటారా? సబ్జెక్ట్ చదివి ఎన్నేళ్లయితే పనికిరాదంటారు? ఈ రెండింటికీ ఒక్కో కాలేజీది ఒక్కో రూల్. ఫోన్‌లో చెప్పిన మాట కాకుండా, ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవడం సేఫ్. డబ్బు కట్టి, ఆరు నెలలు చదివాక ‘ఇది చెల్లదు’ అంటే ఎవరూ బాధ్యత తీసుకోరు.

సర్టిఫికెట్ల ప్రయాణం.. విజయవాడ టు అమెరికా

తర్వాతి మెట్టు పట్టా విలువ కట్టించడం. ఇండియాలో చదివిన ప్రతి సబ్జెక్టునూ అమెరికా క్రెడిట్లలోకి, గ్రేడ్లలోకి మార్చి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. డబ్ల్యూఈఎస్, ఈసీఈ అందరికీ తెలిసిన పేర్లు. ఇందులో ‘కోర్స్ బై కోర్స్’ రిపోర్టే తీసుకోవాలి. డిగ్రీ సమానమా కాదా అని మాత్రమే చెప్పే చిన్న రిపోర్ట్ ఇక్కడ పనిచేయదు. ఏ సంస్థ రిపోర్ట్ కావాలో కూడా కాలేజీ లిస్ట్ చూశాకే డబ్బు కట్టాలి.

ఈ సంస్థలు విద్యార్థి చేతి నుంచి మార్కుల జాబితా తీసుకోవడానికి ఒప్పుకోవు. యూనివర్సిటీ నుంచి సీల్ వేసిన కవర్‌లోనో, అధికారిక ఆన్‌లైన్ మార్గంలోనో రావాలి. ఏపీ వాళ్లకు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణ వాళ్లకు వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ. కానీ రాష్ట్రం విడిపోకముందు ఉస్మానియా, గాంధీ లాంటి కాలేజీల్లో ఎంబీబీఎస్ పూర్తి చేసినవాళ్లు కొత్త యూనివర్సిటీకి వెళ్లి లాభం లేదు. వాళ్ల పట్టా మీద ఉండేది విజయవాడ యూనివర్సిటీ పేరే.

డాలస్‌లో కూర్చుని ఈ పని కావాలంటే చాలాసార్లు ఊళ్లో నాన్నో, తమ్ముడో బస్సెక్కాలి. పెళ్లి తర్వాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మారి ఉంటే మరో కాగితం జతచేయాలి. కాబట్టి డెడ్‌లైన్‌కు నెల ముందు కాదు, కనీసం ఆరు నెలల ముందు ఈ పని మొదలుపెట్టాలి.

ఓఏటీ.. అడ్మిషన్ టెస్ట్

మనకు నీట్ ఎలాగో అక్కడ ఓఏటీ అలాగ. పూర్తి పేరు ఆప్టోమెట్రీ అడ్మిషన్ టెస్ట్. ఇందులో నాలుగు భాగాలు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ కలిపి 100 ప్రశ్నలు. తర్వాత ఇంగ్లిష్ పాఠం చదివి జవాబులివ్వడం. ఆపై ఫిజిక్స్. చివరగా లెక్కలు. పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. కొన్ని కాలేజీలు ఓఏటీ బదులు జీఆర్ఈ, ఎంక్యాట్ లాంటి స్కోర్లు కూడా తీసుకుంటున్నాయి.

డాక్టర్లకు బయాలజీ పెద్ద కష్టం కాదు. దెబ్బ తగిలేది ఫిజిక్స్, లెక్కల దగ్గరే. అందుకే ఆ సబ్జెక్టులు కాలేజీలో చదువుతున్నప్పుడో, అయిపోయిన వెంటనేనో ఓఏటీ రాస్తే రెండు పనులు ఒకేసారి అయిపోతాయి.

టోఫెల్ సంగతి? ఎంబీబీఎస్ అంతా ఇంగ్లిష్ మీడియంలోనే చదివినా కొన్ని కాలేజీలు అడుగుతాయి. కొన్ని మినహాయింపు ఇస్తాయి. ముందే కనుక్కోవాలి.

అప్లికేషన్ ఒక్కటే.. కానీ త్వరగా!

ఒక్కో కాలేజీకి వేర్వేరుగా అప్లై చేయక్కర్లేదు. ఆప్టమ్‌క్యాస్ అనే ఒకే పోర్టల్‌లో వివరాలన్నీ పెడితే ఎంచుకున్న కాలేజీలన్నింటికీ వెళ్తాయి. ఇది ఏటా వేసవిలో తెరుచుకుంటుంది. క్లాసులు మొదలయ్యేది మరుసటి ఏడాది ఆగస్టు ప్రాంతంలో. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టు చూసి సీట్లు ఇస్తూ పోతాయి. చివరి తేదీ దాకా ఆగితే అప్పటికి మిగిలేవి కొన్నే.

మార్కులతో పాటు సిఫార్సు లేఖలు కావాలి. వాటిలో ఒకటి ఆప్టోమెట్రిస్ట్ నుంచి ఉండాలని చాలా చోట్ల అడుగుతారు. అంటే ముందే ఒక క్లినిక్‌కు వెళ్లి, ఆప్టోమెట్రిస్ట్ పక్కన ఉండి పని చూడాలి. ఇది లేఖ కోసం మాత్రమే కాదు. రోజంతా చీకటి గదిలో ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడుగుతూ ఉండటం మనకు నచ్చుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న ముందే తెలిసిందే. ‘మెడిసిన్ చదివి ఇటెందుకు వచ్చారు?’ రెసిడెన్సీ రాలేదు కాబట్టి అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇబ్బందే. అలాగని కథ అల్లినా పట్టేస్తారు. ఇండియాలో చూసిన కంటి క్యాంపులు, షుగర్ వల్ల చూపు పోయిన పేషెంట్లు, ఇక్కడి క్లినిక్‌లో గమనించింది.. ఇలా నిజంగా జరిగింది చెప్పడమే మేలు.

ఫీజు ఎంత? లోన్ వస్తుందా?

ఇంట్లో అసలు చర్చ ఇక్కడే. ఏడాదికి ట్యూషన్ ఫీజే 40 వేల డాలర్లు దాటే కాలేజీలు చాలా ఉన్నాయి. నాలుగేళ్లకు లక్షా 60 వేల డాలర్లు. రూపాయల్లో కోటి పాతిక లక్షలకు పైమాటే. ఇల్లు, పుస్తకాలు, పరికరాలు అదనం. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఫీజు తగ్గొచ్చు.

లోన్ అన్నది వీసాను బట్టి ఉంటుంది. ఫెడరల్ స్టూడెంట్ లోన్లు పౌరులకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి, మరికొన్ని కేటగిరీల వారికే. హెచ్-4లో ఉంటే చదువుకోవచ్చు, కానీ ఫెడరల్ లోన్ రాదు. ఎఫ్-1కూ అంతే. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకూ ఓ కొత్త లెక్క వచ్చింది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లోన్ ఉండదు. ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లే పరిమితి. అంతకు మించితే ప్రైవేట్ లోనే గతి.

ఇల్లు మారాలా?

అమెరికా మొత్తం మీద ఆప్టోమెట్రీ కాలేజీలు పాతిక దాకానే ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ఉన్నవి రెండే. ఒకటి హ్యూస్టన్‌లో, ఇంకోటి శాన్ ఆంటోనియోలో. డాలస్‌లో లేదు. న్యూజెర్సీలో ఒక్కటీ లేదు, నదికి అవతల న్యూయార్క్‌లో ఉంది. భర్త ఉద్యోగం ఒక ఊళ్లో, భార్య కాలేజీ ఇంకో ఊళ్లో, పిల్లల స్కూల్ మధ్యలో.. ఈ లెక్క తేలకుండా అప్లికేషన్ పెడితే సీటొచ్చాక తలనొప్పి మొదలవుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఇంకో మాట. ఏసీఓఈ గుర్తింపు ఉందా లేదా చూడాలి. గుర్తింపు ఉన్న కాలేజీ నుంచి పట్టా లేకపోతే లైసెన్స్ దగ్గర ఆగిపోతారు. ‘టెస్ట్ లేదు, డైరెక్ట్ సీటు’ అని ఎవరైనా ఏజెంట్ చెబితే ముందు ఆ లిస్టులో కాలేజీ పేరు వెతకాలి.

పట్టా వచ్చాక?

ఎన్‌బీఈఓ నిర్వహించే బోర్డ్ పరీక్షలు మూడు భాగాలు పాసవ్వాలి. మొదటి రెండూ కంప్యూటర్ పరీక్షలు. మూడోది చేత్తో చేసి చూపించాల్సిన క్లినికల్ పరీక్ష. దాని కోసం దేశంలో ఏ మూల ఉన్నా నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు వెళ్లాల్సిందే. ఆపై రాష్ట్ర లైసెన్స్.

కెనడా వెళ్లినవాళ్లకు దారి వేరు. అక్కడ ఆప్టోమెట్రీ కాలేజీలు రెండే. వాటర్లూలో ఇంగ్లిష్‌లో, మాంట్రియల్‌లో ఫ్రెంచ్‌లో చెబుతారు. విదేశాల్లో చదివిన ఆప్టోమెట్రిస్టుల పట్టాలను అక్కడ ఫోరాక్ అనే సంస్థ ముందుగా పరిశీలిస్తుంది.

మొత్తం ఎన్నేళ్లు?

తగ్గిన సబ్జెక్టులకు ఏడాది. అప్లికేషన్‌కు మరో ఏడాది. కోర్సు నాలుగేళ్లు. అంటే ఈరోజు నిర్ణయం తీసుకున్న డాక్టర్ సొంతంగా పేషెంట్‌ను చూసేసరికి ఇంచుమించు ఆరేళ్లు. యూకేజీ పిల్లాడు ఆరో తరగతికి వచ్చేస్తాడు. రెసిడెన్సీకి ఇంకోసారి ట్రై చేయాలా, ఓడీ వైపు వెళ్లాలా అన్నది ఈ ఆరేళ్లను ముందు పెట్టుకునే తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మొదట దగ్గర్లోని కంటి క్లినిక్‌లో నాలుగు రోజులు కూర్చోవాలి. తర్వాత ఐదు కాలేజీల సబ్జెక్ట్ లిస్టులు తీసి, పాత మార్కుల మెమోల పక్కన పెట్టి టిక్కులు పెట్టుకోవాలి. టిక్ పడని చోట్లే అసలు పని ఉంది. ఆ టిక్కులు పడితే.. ఇక్కడ పోయిందనుకున్న ‘డాక్టర్’ అనే మాట, అక్కడ ఇంకో తలుపు నుంచి మళ్లీ ఇంటికి వస్తుంది.