చక్కెర కపాలములు

మరణమను మాట వినినంతనే భీతి కలుగుట మానవులకు సహజము. పుర్రెను చూచినచో బాలురు కన్నులు మూసికొందురు. కాని మెక్సికో దేశపు బాలురు ప్రతి సంవత్సరము పంచదారతో చేసిన పుర్రెలను చేతబట్టి, సంతోషముతో తినుచుందురు. ఈ వింత ఆచారమునకు కారణమేమి?

ఆ దేశమున నవంబరు 1, 2 తేదీలలో ‘మృతుల దినము’ అను పండుగ జరుగును. మొదటి దినము చనిపోయిన పసివారిని, రెండవ దినము పెద్దలను స్మరింతురు. గతించినవారు ఆ దినములలో తమ యిండ్లకు వచ్చి, తమవారిని చూచిపోవుదురని వారి విశ్వాసము. అందుచే ఇంట నొక వేదిక నమర్చి, మృతుల పటములు నిలిపి, బంతిపూలు పరచి, దీపములు వెలిగించి, వారికి ప్రియమైన భక్ష్యములను ఉంచుదురు. ఆ వేదికపైననే చక్కెర కపాలములును నిలుచును. పసివారి కొరకు చిన్నవి, పెద్దల కొరకు పెద్దవి చేయుదురు.

పూర్వము ఆ దేశమునేలిన అజ్టెక్కులు తమ ఆలయములందు రాతి కపాలములను చెక్కిరి. 16వ శతాబ్దమున స్పెయినువారు అచటికి చెరకును, పంచదారతో బొమ్మలు చేయు విద్యను కొనిపోయిరి. ఈ విద్యకు ‘అల్ఫెన్యికే’ యని పేరు. ఈ పదము స్పెయిను భాషకు అరబ్బీ నుండియు, అరబ్బీకి పారసీకము నుండియు వచ్చినది. దానికి మూలము సంస్కృతమునందలి ‘ఫాణితము’. చెరకురసమును కాచి చిక్కబరచిన పాకమని దాని యర్థము.

తోలూకా నగరము ఈ పనికి ప్రసిద్ధము. పండుగకు ముందు అచటి స్తంభమండపముల క్రింద చక్కెర బొమ్మల సంత సాగును. పనివారు రెండు భాగములు గల కాల్చిన మట్టి అచ్చులను, పాకము అంటుకొనకుండుటకై, నీట నానవేయుదురు. పంచదారకు నీరును, కొలదిగా నిమ్మరసమును చేర్చి, ముదురుపాకము వచ్చువరకు కాచి, అచ్చులలో పోయుదురు. అచ్చునకు తగిలిన పాకము మొదట గట్టిపడును. లోపలిది ఇంకను ద్రవముగా ఉండగనే అచ్చును తలక్రిందు చేసి వంపివేయుదురు. ఆలస్యమైనచో బొమ్మ గట్టి ముద్దయగును. తొందరపడినచో పెంకు పలుచనై పగులును. అదను తెలియుటయే ఈ పనిలోని నేర్పు.

బొమ్మ ఆరిన పిదప, పంచదార పొడిని గ్రుడ్డు తెల్లసొనతో గిలకొట్టి, రంగులు కలిపి, కాగితపు పొట్లములో నింపి, సన్నని ధారగా పిండుచు పూలను, తీగలను చిత్రింతురు. కన్నులకు తళుకు కాగితము లంటింతురు. కడపట నుదుట నొక పేరు వ్రాయుదురు. అది గతించినవారి పేరు కావచ్చును. జీవించియున్న మిత్రుని పేరును కావచ్చును. తన పేరుగల కపాలము లభించిన బాలుడు భయపడడు. నవ్వుచు దానిని కొరుకును. తప్పింపరాని మరణమునకు వెరచుటకంటె, బ్రతికిన నాళ్లు ప్రేమతో బ్రతుకుట మేలని అతనికి ఇంటివారు వేరుగా చెప్పనక్కరలేదు.

2008లో ఈ పండుగను యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి మాత్రము అది జాబితాలోని విషయము కాదు. ఆమె ఏటేట ఆ చిన్న కపాలముపై బిడ్డపేరు వ్రాయించును. చక్కెర కరగిపోవును, మరుసటి యేడు ఆ పేరే మరల వ్రాయబడును. తలచువారున్నంత కాలము గతించినవారు దూరము కారు.