పలకరాయి నేలకు ఏ సీలర్ కొనాలి?

అ ఆలు దిద్దిన పలకా, ఇప్పుడు కొత్త ఇళ్ల వరండాల్లో పరుస్తున్న స్లేట్ టైల్సూ ఒకే రాయి. మన బ్యాచ్‌లో చాలామంది దిద్దింది ప్లాస్టిక్ పలక మీదే అనుకోండి, అది వేరే సంగతి. అసలు పలకలకు పేరుపడ్డ ఊరు మార్కాపురం. ఈరోజు అక్కడి రాయి బడి సంచుల్లోకి వెళ్లేది తక్కువ, నేలల మీదికీ గోడల మీదికీ వెళ్లేది ఎక్కువ. మా చిలమత్తూరు వైపు కూడా, బెంగళూరు హైవే పుణ్యమా అని, కొత్తగా కట్టే ఇళ్లల్లో ఈ రాయి కనిపిస్తోంది.

టైల్స్ పరిచేదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత మేస్త్రీ "దీనికి సీలర్ కొట్టాల" అంటాడు. షాపుకి వెళితే రకరకాల డబ్బాలు, అన్నింటి మీదా మెరిసిపోతున్న నేల బొమ్మే. మొన్న సంక్రాంతికి మా మామ అలాంటివి రెండు డబ్బాలు నా ముందు పెట్టి, "ఏమప్పా, ఇంజనీరింగు సదువుతాండావు గదా, వీటిలో యాది పూస్తే బాగుంటాదో సెప్పు" అన్నాడు. హిందూపురంలో పట్టుగూళ్లు అమ్మిన డబ్బుతో పరిపించుకున్న నేల అది. పైగా వాళ్ల వీధిలోనే ఒకరి వరండాలో నిగనిగలాడే పూత ఒక్క వానాకాలానికే తెల్లగా పాలిపోయి పెచ్చులు లేచింది. అది చూసి ఆయనకు భయం పట్టుకుంది.

డబ్బాల సంగతి తర్వాత. ముందు ఆ రాయి ఏమిటో తేల్చుకోవాలి. ఎందుకంటే మన దగ్గర "స్లేట్" అని అమ్మేదంతా స్లేట్ కాదు.

చిలమత్తూరు నేల కింద ఉన్నది గ్రానైటు, నైసు జాతి రాళ్లు. పక్కనే లేపాక్షి గుడి ఉన్న కూర్మశైలం కూడా ఆ జాతిదే. వాటి నుంచి పలచటి పలకలు రావు. పలకలు రావాలంటే కడప బేసిన్‌కి పోవాలి. అక్కడ రెండు రకాల రాళ్లున్నాయి. ఒకటి మార్కాపురం, కంభం వైపు దొరికే అసలు పలకరాయి. ఆ పొరలను భూగర్భ శాస్త్రంలో కంభం పేరుతోనే పిలుస్తారు. ఒకప్పటి బురద గట్టిపడి, విపరీతమైన ఒత్తిడికి లోపలి మైకా, క్లోరైట్ రేకులన్నీ ఒకే వరసలో సర్దుకోవడంతో తయారైన రాయి ఇది. ఉలి పెట్టి కొడితే పుస్తకంలో కాగితాల్లా విడిపోయేది అందుకే. రెండోది నాపరాయి. బేతంచెర్ల బండ, కడప బండ, తాడిపత్రి బండ అని ఊరికో పేరుతో మనం పిలిచే బండల్లో ఎక్కువ భాగం ఇదే. ఇది సున్నపురాయి. నల్లటి నాపరాయిని, నల్లటి పలకరాయిని పక్కపక్కన పెడితే అలవాటు లేని కన్ను తేడా పట్టలేదు. సీలర్‌కి మాత్రం తేడా తెలుస్తుంది.

ఎలాగంటారా? లోపలికి ఇంకే సీలర్లలో ఎక్కువ భాగం సైలేన్, సైలాక్సేన్ రకం. ఈ అణువులు తడి తగిలితే సైలనాల్‌గా మారి, రాయిలోని సిలికేట్ ఖనిజాల పైనుండే ఓహెచ్ గుంపులతో సిలికాన్–ఆక్సిజన్ బంధం వేసుకుంటాయి. వాటికున్న హైడ్రోకార్బన్ తోక బయటివైపు నిలబడి నీటిని తోసేస్తుంది. పలకరాయిలో సిలికేట్లు పుష్కలం, కాబట్టి అక్కడ పట్టు గట్టిది. సున్నపురాయిలో ఉన్నదంతా దాదాపు కాల్సైటే, అందుకని అక్కడ ఆ పట్టు బలహీనం. డబ్బా మీద ఏ రాయికి పనికొస్తుందో చదవమనేది ఇందుకే. "అన్ని రాళ్లకూ" అని రాసి ఉంటే ఇంకాస్త అనుమానించండి.

రాయి ఏదో తేల్చడం కష్టం కాదు. మిగిలిపోయిన ముక్క తీసుకుని, వెనకవైపు మేకుతో గీకి, ఆ పొడి మీద ల్యాబ్‌లోని పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్క చుక్క వేయండి. బుసబుసా పొంగితే సున్నపురాయి. ఏమీ కాకపోతే పలకరాయి. కొన్ని పలకరాళ్లలో కూడా కాస్త కాల్సైట్ ఉంటుంది, అప్పుడు ఒకటీ అరా బుడగలు వస్తాయి, కంగారు పడక్కర్లేదు. మామ తెచ్చిన ముక్కల్లో వరండావి పొంగలేదు, వంటగదివి పొంగాయి. రెండూ ఒకే లారీలో, ఒకే పేరుతో వచ్చిన సరుకే!

ఇక్కడో మాట చెప్పాలి. మేస్త్రీలు సిమెంటు మరకలు పోవాలని నేలంతా యాసిడ్‌తో కడుగుతారు. నాపరాయి మీద అది రాయినే తినేస్తుంది. పలకరాయిలో ఇనుము ఖనిజాలుంటే, కడిగిన కొన్నాళ్లకు తుప్పు రంగు మరకలు తేలతాయి. వాటిని ఏ సీలరూ దాచలేదు. ముందే వద్దని చెప్పాలి.

వంటగది నాపరాయి సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మన ఇళ్లల్లో కడప రాయి గట్టు మీద నిమ్మచెక్క పెట్టిన చోట తెల్లటి గుండ్రం మచ్చ చూసే ఉంటారు. అది మరక కాదు, రాయి కరిగిన చోటు. లోపలికి ఇంకే సీలర్ మరకను ఆపగలదు గానీ ఈ కరగడాన్ని ఆపలేదు. చింతపులుసు ఒలికితే వెంటనే తుడవడమే మందు. నూనె మరకల భయం ఎక్కువైతే సైలాక్సేన్ చాలదు, అది నీటినే తోస్తుంది. ఫ్లోరోపాలిమర్ ఉన్న రకం నూనెనూ తోస్తుంది, ధర కూడా ఎక్కువే.

ఇక అసలు తగువు: పైపూతా, లోపలికి ఇంకేదా? యాక్రిలిక్, పాలీయురేథేన్, ఎపాక్సీ లాంటివి రాయి మీద పొరలా కూర్చుంటాయి. కొట్టిన రోజు చాలా అందంగా ఉంటుంది, తడి రాయిలా రంగులు పైకి లేస్తాయి. మా వైపు వాటి కష్టాలు మూడు. మొదటిది దుమ్ము. చెప్పుల కింద పడ్డ ఎర్రమట్టి ఇసుక ఆ పొరను ఉప్పుకాగితంలా గీకేస్తుంది. రెండోది ఎండ. వరండాలో ఎపాక్సీ పసుపుబారుతుంది. మూడోది, అన్నిటికంటే పెద్దది, కింద నుంచి వచ్చే తడి.

అనంతపురం ప్రాంతంలో వానే తక్కువ, తడి ఎక్కడిది అంటారేమో. సరాసరి ఏడాదికి 550 మి.మీ. దగ్గర వర్షపాతం ఉన్న చోట ఇల్లు కట్టేది బోరు నీటితోనే. సిమెంటు కలిపేది, క్యూరింగ్ చేసేది, టైల్స్ తడిపేది అంతా ఆ నీళ్లే. వాటిలో కరిగిన ఉప్పులు ఎక్కువ. నేల ఆరేకొద్దీ తడి రాతి గుండా, సందుల గుండా పైకొస్తుంది, ఉప్పులను మోసుకొస్తుంది. నీరు గాల్లోకి పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. చౌడు నేల మీద తెల్లగా పూసేది చూశారు కదా, అదే తంతు. రాయి మీద పూత లేకపోతే ఆ తెలుపును పొడి బ్రష్షుతో దులిపేయొచ్చు. పొర ఉంటే దాని కిందే ఉప్పు గడ్డకట్టి పొరను లేపేస్తుంది, ఒక్కోసారి రాతి పై రేకును కూడా. పొరలుగా విడిపోవడమే స్వభావమైన రాయి మీద ఇది మరీ ప్రమాదం. ఆ వీధి వరండాలో జరిగింది ఇదేనని నా అంచనా. ఆవిరిని బయటికి వదిలే, లోపలికి ఇంకే రకమే మా ఊరి నేలకు సరి అనేది నా అభిప్రాయం. నూనె పూయమనే సలహా కూడా వస్తుంది. రెండు నెలలు నల్లగా మెరుస్తుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుని జిడ్డు.

ఇంకో సంగతి షాపువాళ్లు చెప్పరు. కొన్ని పలకరాళ్లకు సీలరే అక్కర్లేదు. ఏఎస్‌టీఎం సీ629 ప్రమాణం ప్రకారం ఇంటి లోపల వాడే పలకరాయి నీటిని 0.45 శాతానికి, బయట వాడేది 0.25 శాతానికి మించి పీల్చకూడదు. అంత బిగువైన రాయిలోకి సీలర్ ఎక్కడ ఇంకుతుంది? పైనే ఆరిపోయి మసకగా మరకలు కడుతుంది. అందుకే నాలుగు చోట్ల నీటి చుక్కలు వేసి పావుగంట తర్వాత తుడిచి చూడండి. రాయి నల్లబడకపోతే సందుల్లోని గ్రౌట్‌కి మాత్రం సీలర్ పెట్టి, మిగతా డబ్బు ఆదా చేసుకోవచ్చు. మామ వరండాలో కొన్ని టైల్స్ నల్లబడ్డాయి, కొన్ని పడలేదు. సహజమైన రాయి కదా, ముక్కముక్కకీ తేడా.

పూయాలని తేలితే తొందర వద్దు. పరిచిన తర్వాత కనీసం 28 రోజులు ఆగాలి. తర్వాత 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నేల మీద నాలుగువైపులా టేపుతో అంటించి, 16 గంటల తర్వాత తీసి చూడాలి. కింద చెమ్మ కనబడితే ఇంకా ఆగాల్సిందే. ఎంత కొనాలో కూడా లెక్క వేసుకోవచ్చు. మూలనున్న ఒక చదరపు అడుగు మీద సిరంజితో కొలిచి పూయండి. అక్కడ 5 మి.లీ. పట్టిందంటే 600 చదరపు అడుగులకు 3 లీటర్లు. ఆ మూల ఆరాక రంగు ఎలా మారిందో కూడా ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. వేసవిలో అయితే తెల్లవారుజామునే పూయాలి. కాలిన రాయి మీద ద్రావకం ఇంకకముందే ఆవిరైపోతుంది. సాల్వెంట్ రకమైతే కిటికీలు తెరిచి, పొయ్యి, బీడీ రెండూ దూరంగా పెట్టాలి. పూసిన ఐదు పది నిమిషాల్లో మిగులు ద్రవాన్ని పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే అది జిగటగా ఆరి వదలదు. ఒక రోజు నీళ్లు తగలనివ్వొద్దు.

మళ్లీ ఎప్పుడు పూయాలి? ఏటా అదే నీటి చుక్కల పరీక్ష పెట్టి, నల్లబడటం మొదలైన చోట మాత్రమే. ఎక్కువగా గుమ్మం ముందు, చెప్పులు విడిచే చోట.