సైబరాబాద్ పాతకాపులు

సాయంత్రం పూట హైదరాబాద్‌లోని దుర్గం చెరువు తీగల వంతెన మీద ఫొటోలు దిగేవాళ్లు చాలామందే. వెనక దీపాలు, అద్దాల మేడలు బాగా పడతాయి. గట్టు మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న బండల వైపు కెమెరా తిప్పేవాళ్లు మాత్రం తక్కువ. నిజానికి ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా పెద్ద రికార్డు ఆ బండలదే. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు.

ఈ అంకె ఊహకు అందడం కష్టం. 250 కోట్ల ఏళ్లనూ ఒక్క రోజుకు కుదించి చూడండి. రాక్షసబల్లులు అంతరించేసరికి రాత్రి పదకొండూ ఇరవై దాటుతుంది. హిమాలయాలు లేవడం మొదలయ్యేది పదకొండున్నరకు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేసరికి అర్ధరాత్రికి సెకనులో వెయ్యో వంతు కూడా మిగలదు.

పటికబెల్లం లెక్క

ఖనిజం దినుసైతే శిల వంటకం. నిర్దిష్టమైన రసాయన కూర్పు, లోపల పరమాణువులకు ఒక క్రమమైన అమరిక ఉన్నది ఖనిజం. అలాంటివి కొన్ని కలిసి ముద్దకడితే శిల. ప్రపంచంలో ఇప్పటిదాకా గుర్తించిన ఖనిజాలు దాదాపు 6,000. దుర్గం చెరువు గ్రానైట్ బండను చూడటానికి అందులో మూడు తెలిస్తే చాలు.

కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్క ఒకటి తీసుకుని నీళ్లతో తడిపి ఎండలో పట్టుకోండి. గులాబీ రంగు పలుకులు ఫెల్డ్‌స్పార్. రాయిని అటూ ఇటూ తిప్పితే వాటి చదునైన ముఖాలు ఒక్కసారి తళుక్కుమంటాయి. మధ్యలో గాజులా బూడిదరంగులో ఉన్నది పలుగురాయి. చాకు మొనతో ఎంత గీసినా దాని మీద గీత పడదు. నల్లటి చుక్కలు ఎక్కువగా నల్ల అభ్రకం, మన కాకిబంగారం కుటుంబమే. గోటితో గీకితే పొరలుగా లేస్తుంది.

ఆ పలుకులు కంటికి కనిపించేంత పెద్దవి ఎందుకయ్యాయి? పాకాన్ని కదపకుండా మెల్లగా చల్లారనిస్తే పటికబెల్లం పలుకులు పెద్దవిగా కడతాయి, గబగబా చల్లారిస్తే గుండ అవుతుంది. ఈ బండల కథా అంతే. కరిగిన శిలాద్రవం నేల పైకి రాకుండా కిలోమీటర్ల లోతునే ఆగి, చాలా నెమ్మదిగా చల్లారింది. వికారాబాద్ వైపు వెళ్తే 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా రాయి, బసాల్ట్, కనిపిస్తుంది. అది గాలి తగిలి త్వరగా గడ్డకట్టింది కాబట్టి సన్నటి రేణువులతో ఉంటుంది.

ప్రపంచంలో దొరికిన అతి పెద్ద స్ఫటికాల్లో కొన్ని మెక్సికోలోని నైకా గనివి. 2000లో బయటపడిన అక్కడి గుహలో జిప్సం స్ఫటికాలు 11 మీటర్లకు పైగా పొడవున్నాయి. అంత పెద్దవైనా జిప్సం గోటితో గీసినా గీత పడేంత మెత్తన.

ఎవరూ పేర్చలేదు

అంత లోతున పుట్టిన రాయి పైకెలా వచ్చింది? మీదున్న పొరలు కోట్ల ఏళ్లపాటు కోసుకుపోయాయి. బరువు తగ్గేసరికి బండ విచ్చుకుని నిలువుగా, అడ్డంగా చీలింది. నీరు ఆ చీలికల్లోకి దిగింది. ఈ ప్రాంతంలో బోరు వేస్తే నీళ్లు పడేదీ అలాంటి చీలికల్లోనే. చీలిన దిమ్మ మూలను నీరు మూడు పక్కల నుంచి తింటుంది, అంచును రెండు పక్కల నుంచి, ముఖాన్ని ఒక్క పక్క నుంచి. అందుకే మూలలు ముందు అరిగి దిమ్మ గుండ్రమవుతుంది. చుట్టూ మెత్తబడిన మట్టిని వానలు కడిగేశాక గుండు మీద గుండు మిగులుతుంది. రాక్షసులు ఆడుకుని వదిలేశారేమో అనిపించే ఈ దృశ్యాన్ని వానలు, ఎండలే చెక్కాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు రాయిని, శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు రాయిని చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది.

వయసు చెప్పే గడియారం

శిల వయసు చెప్పే సాక్షి జిర్కాన్ అనే చిన్న ఖనిజం. పుట్టేటప్పుడే కాస్త యురేనియాన్ని తనలో బంధించుకుంటుంది. ఆ యురేనియం తెలిసిన వేగంతో సీసంగా మారుతూ ఉంటుంది. యురేనియం 238 సగం తరగడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. సీసం ఎంత చేరిందో కొలిస్తే వయసు తేలుతుంది. ప్రపంచంలో అతి పాత ఖనిజం కూడా జిర్కానే. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన రేణువుకు దాదాపు 440 కోట్ల ఏళ్లు. భూమి వయసే 454 కోట్ల ఏళ్లు!

మన ఇతర రికార్డులు

గట్టిదనంలో వజ్రానిది మొదటి స్థానం. 1812లో ఖనిజ శాస్త్రవేత్త మోస్ రూపొందించిన కొలమానంలో దానికి 10, పలుగురాయికి 7. గోల్కొండ వజ్రాలని పేరేగానీ గోల్కొండలో గని లేదు. అక్కడ జరిగింది వ్యాపారం. రాళ్లు దొరికింది కృష్ణా తీరాన కొల్లూరు వంటి చోట్ల. వజ్రం సుమారు 150 కిలోమీటర్ల లోతున పుట్టి, అగ్నిపర్వత గొట్టాల గుండా పైకి ఎగదన్నుకు వస్తుంది. అలాంటి గొట్టాలు అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నాయి.

బరువులో ముగ్గురాయిది పైచేయి. చేత్తో ఎత్తితే అదే సైజు గ్రానైట్ ముక్క కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా తూగుతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు దీన్ని పొడి చేసి బురదలో కలుపుతారు. ఒకే చోట ఉన్న నిక్షేపాల్లో ప్రపంచంలోనే పెద్దదని పేరున్నది మన కడప సీమలోని మంగంపేట.

ఆఫీసు లాబీల్లో పరిచే నల్లరాయిలో నక్షత్రాల్లా మెరిసేది ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ. అమ్మేది గ్రానైట్ పేరుతోనే అయినా భూగర్భ శాస్త్రం లెక్కలో అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది.

ఇళ్లలో పరుచుకున్న తాండూరు నాపరాయి ఒకప్పటి నీటి అడుగున పేరుకున్న సున్నపు బురద. అలాంటి సున్నపురాయినే నీరు కరిగించి నంద్యాల జిల్లాలో 3,229 మీటర్ల బెలుం గుహలు తొలిచింది. విశాఖ కొండల ఖొండలైట్ వేడికి, ఒత్తిడికి రూపం మార్చుకున్న శిల. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు.

మిగిలినవి

జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఎన్నో గుట్టలు పేలుడు మందుకు, క్రషర్లకు పోయాయి. ఇదే బాధతో 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. పుట్టగొడుగు రాయి, ఎలుగుబంటి ముక్కు, దుర్గం చెరువు గుట్టలు సహా తొమ్మిది శిలా సముదాయాలు నగర వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. జాబితాలో లేనివి అంతకు ఎన్నో రెట్లు.

జూబ్లీహిల్స్‌లో కొందరు బండను తీయకుండా దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. గోడలో సగం బండ, మెట్ల పక్కన బండ. మీరు కొన్న స్థలంలో అలాంటి గుండు ఒకటి ఉంటే, పగలగొట్టమని చెప్పేముందు దాన్ని ఉంచి ప్లాన్ గీయగలరేమో మీ ఆర్కిటెక్టును ఒక్కసారి అడగండి.