సీసపు పలకల ఇచ్చిపుచ్చుకోలు

నరసరావుపేటలోనో గురజాలలోనో వేసవి రాత్రి కరెంటు పోతుంది. మరుక్షణమే ఇన్వర్టరు అందుకొని ఫ్యాను తిప్పుతుంది. తెల్లవారుజామున మిర్చిచేలకు పోయే ట్రాక్టరు తాళం తిప్పగానే కదులుతుంది. ఈ రెండు పనులనూ ఎక్కువగా చేసేది సీసపు బ్యాటరీయే. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో దీనిని రూపొందించాడు. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి చెంత కరకంబాడిలో ఇటువంటి బ్యాటరీలను తయారు చేస్తున్నది.

బ్యాటరీలో కరెంటు నింపామని లోకులంటారు. నిజానికి అందులో నిలిచేది రసాయనశక్తి. దీనికి పోలిక మాచర్ల సమీపంలోనే ఉన్నది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలోని కొన్ని యంత్రాలు దిగువకు దూకే నీటితో విద్యుత్తును పుట్టించడమే కాక, విద్యుత్తు మిగిలినవేళ ఆ నీటిని తిరిగి జలాశయంలోకి ఎక్కించేందుకు కూడా నిర్మితమైనవి. పైకెక్కిన నీరు శక్తిని దాచుకొన్నట్లే ఛార్జి అయిన పలకలూ దాచుకొంటాయి.

ఆ పలకలలో ఒకటి సీసం, రెండవది సీసపు డయాక్సైడు. రెండూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తును వాడుకొనేటప్పుడు సీసం ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. ఇది ఆక్సీకరణం. అవి తీగ గుండా వెళ్ళి, ఫ్యానును తిప్పి, డయాక్సైడు పలకను చేరుతాయి. అక్కడ జరిగేది క్షయకరణం. ఎలక్ట్రాన్లను పొందే చర్యకు క్షయమనే పేరేమిటని విద్యార్థికి సందేహం కలగవచ్చు. ఖనిజం నుండి లోహాన్ని తీసినప్పుడు బరువు తగ్గేది గనుక పూర్వులు ఆ అర్థంగల మాట వాడారు. ఎలక్ట్రాన్ సంగతి తెలిసిన తరువాతా అదే నిలిచిపోయింది. ఏమైనా, దాత లేనిదే ప్రతిగ్రహీత లేడు. ఈ రెండు చర్యలూ జంటగానే జరుగుతాయి.

క్రమంగా రెండు పలకల మీదా లెడ్ సల్ఫేటు పేరుకొంటుంది. ఆమ్లం తరిగి నీరు పెరుగుతుంది. అందుకే మెకానిక్కు హైడ్రోమీటరుతో ద్రవాన్ని పరీక్షిస్తాడు. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీలో దాని సాపేక్ష సాంద్రత సుమారు 1.28 ఉండగా, ఖాళీ అయినప్పుడు 1.12 దరిదాపులకు దిగుతుంది. ఛార్జి చేయడమంటే ఎలక్ట్రాన్లను ఎదురు నడిపించి, సల్ఫేటును మరల సీసంగానూ డయాక్సైడుగానూ మార్చడమే.

అయితే అంతా వెనుకకు మరలదు. పంటపని ముగిసిందని ఖాళీ బ్యాటరీని నెలల తరబడి మూలన పడవేస్తే, సన్నని సల్ఫేటు రేణువులు పెద్ద స్ఫటికాలై గట్టిపడతాయి. ఆపై అవి ఛార్జింగుకు సులభంగా లొంగవు. అతిగా ఛార్జి చేసినా చేటే. మార్చవలసిన సల్ఫేటు మిగలక, విద్యుత్తు నీటినే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. హైడ్రోజన్ మండే వాయువు కనుక అగ్గిపుల్ల వెలుతురులో బ్యాటరీని పరిశీలించరాదు. తగ్గిన నీటికి బదులు స్వేదనజలమే పోయాలి. సున్నపురాతి నేల గల పల్నాటి బావినీటిలోని లవణాలు పలకలను చెరుపుతాయి.

పనికిరాని బ్యాటరీని పగులగొట్టి ఇంటివద్ద సీసం కరగించడం అన్నిటికంటె ప్రమాదకరం. ఆ పొగ, ధూళి పసిపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. దానిని అమ్మిన దుకాణానికే అప్పగిస్తే, శుద్ధి కర్మాగారంలో ఆ సీసమే మరొక బ్యాటరీకి పలక కాగలదు.