సకినాల డబ్బాతో పాటు ఇంకో ప్రశ్న!

తొర్రూరు బస్టాండులో ఈ దృశ్యం మీకు కొత్త కాదు. ఒక చేతిలో సకినాల డబ్బా, ఇంకో చేతిలో మామిడికాయ తొక్కు సీసా పట్టుకుని హన్మకొండ బస్సు కోసం ఎదురుచూసే అమ్మలు! కాకతీయ యూనివర్సిటీలోనో, మరో కాలేజీలోనో చదివే పిల్లల్ని చూడాలని వాళ్ళ ఆరాటం.

వెళ్ళగానే ఏమడుగుతాం? "తింటున్నావా? మార్కులెన్ని?" అంతేగా! "నిద్ర పడుతోందా బిడ్డా? మనసులో ఏమన్నా బాధుందా?" అని ఎప్పుడైనా అడిగారా?

గలగలా మాట్లాడే పిల్ల ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోందా? నిద్ర, తిండి తగ్గాయా? స్నేహితులకి దూరంగా ఉంటోందా? రెండు వారాలైనా ఇదే వరసైతే "చదువు ఒత్తిడిలే" అని సరిపెట్టుకోకండి.

కౌన్సెలింగ్ అంటే మనకి సీట్ల కౌన్సెలింగే గుర్తొస్తుంది. ఇది వేరు. శిక్షణ పొందిన మనిషి ఎదురుగా కూర్చుని, తప్పుబట్టకుండా వింటారు. చిక్కుముడి ఎక్కడుందో తెలుసుకుని, విప్పుకునే దారి చూపిస్తారు. అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు. పిచ్చి ఉన్నవాళ్ళే వెళ్ళాలన్నది వట్టి అపోహ. చెప్పిన విషయం గుట్టుగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రాణానికి ముప్పుంటే మాత్రం మినహాయింపు.

విశాఖపట్నంలో 'నీట్' కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఓ అమ్మాయి కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. సహాయం అందించే ఫోన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

కాబట్టి ఈసారి హాస్టల్‌కి వెళ్ళినప్పుడు గోడ వంక ఓసారి చూడండి. నంబరు కనబడకపోతే వార్డెన్‌ని అడగండి. "ఇక్కడ కౌన్సెలర్ ఎవరు? ఏ వేళల్లో ఉంటారు?" అని తెలుసుకోండి. అడగడానికి మొహమాటం ఎందుకు? ఫీజు కట్టేది మనమేగా!

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ 'టెలీ మానస్' నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, దిగులుపడే అమ్మ కూడా చెయ్యవచ్చు.

పిల్ల నోట "బతకాలని లేదు" అన్న మాట వస్తే కోప్పడకండి, పక్కింటివాళ్ళతో పోల్చకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, గుండె బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

"పరీక్ష పోతే పోయింది, నువ్వుంటే చాలు" అన్న మాట అమ్మ నోటి నుంచి వినాలని ఎంతమంది పిల్లలు ఎదురుచూస్తున్నారో! ఈ ఆదివారం డబ్బాతో పాటు ఆ మాట కూడా పట్టుకెళ్తారు కదూ?