గుండెమంట యెక్కడిది?

భోజనానంతరము ఱొమ్మున పుట్టు మంటను గుండెమంట యందురు. జీర్ణాశయములోని ఆమ్లము అన్నవాహికలోనికి ఎగదన్నుటయే తఱచుగా దీనికి కారణము. అయినను ఱొమ్మునొప్పి హృద్రోగ లక్షణమును కావచ్చును. కావున అనుమానమున్నచో వైద్యులు ముందు గుండెను పరీక్షింతురు.

పిమ్మట ఎండోస్కోపు అను వంగెడి గొట్టమును నోటిగుండా దింపి, అన్నవాహికలోని పుండ్లను చూతురు. గాజుతంతువులతో నిర్మించిన అట్టి గొట్టమును 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ అను వైద్యుడు మొదట తానే మ్రింగి చూచెను.

పుండ్లు కానరానిచో, ముక్కుగుండా సన్నని గొట్టమును దింపి 24 గంటలసేపు పి.హెచ్. కొలుతురు. అది 4 కంటె తగ్గినచో ఆమ్లము పైకి వచ్చినదని గుర్తు. రోగి తనకు మంట కలిగిన వేళలను వ్రాసి యుంచును. ఆ రెండును సరిపోలినచో కారణము తేలును.

బాధను రోగి యెఱుగును. కారణమును పరీక్షయే తెలుపును. ఊహించి మందు మ్రింగుట తగదు.