రాతి వీధిలో మెత్తని అడుగు

తెల్లవారుజాము అయిదున్నర. గౌలిపుర గల్లీల్లో అప్పుడప్పుడే పాలప్యాకెట్లు దిగుతుంటాయి. దుకాణాల షట్టర్లు ఇంకా లేవవు. ఆ నిశ్శబ్దంలో టప్... టప్... టప్... బూట్ల చప్పుడు! పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్న కుర్రాడు కావచ్చు. షుగరు తగ్గాలంటే ఒళ్లు వంచాలని డాక్టరు చెప్పిన మధ్యవయస్కుడూ కావచ్చు. ఇంటి ముందు సిమెంటు రోడ్డు. లాల్ దర్వాజా దాటి శాలిబండ వైపు వస్తే తారు రోడ్డు. చార్మినార్ చుట్టూ గ్రానైటు రాళ్లు. ఒక్క పరుగులో మూడు రకాల నేల!

'రాళ్ల మీద అలా ఉరికితే మోకాళ్లు అరిగిపోతాయిరా' అని ఇంట్లో పెద్దవాళ్లు మందలిస్తూనే ఉంటారు. వాళ్ల భయం నిజమేనా? గట్టి నేల మన పాదాన్ని ఏం చేస్తుంది?

గౌలీ అంటే పశువుల్ని పెంచి పాలు అమ్ముకునేవాడు. ఆ పేరు మోస్తున్న పేటలోనే ఇప్పుడు కాలికి మట్టి తగలడం అరుదైపోయింది. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాల్సిందే.

పాదానికి 375 టన్నులు!

ముందు ఓ చిన్న లెక్క. అరవై కిలోల మనిషి పరుగెత్తుతున్నాడనుకుందాం. కాలు నేలను తాకిన ప్రతిసారీ దాని మీద పడే బలం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లుంటుంది. రెండున్నర రెట్లు అనుకుంటే 150 కిలోలు. అయిదు కిలోమీటర్లకు సుమారు 5,000 అడుగులు పడతాయి. అంటే ఒక్కో పాదానికి 2,500. గుణిస్తే... ఒక్కో పాదం మోసేది 375 టన్నులు! అదీ ప్రతిసారీ పావు సెకను అటూఇటూ సమయంలో. 26 ఎముకలున్న ఆ చిన్న పాదం రోజూ చేసే చాకిరీ ఇది.

అయితే బలం వేరు, ఒత్తిడి వేరు. మట్టినేల మీద మంచం వేస్తే కోళ్లు దిగబడతాయి. కింద చెక్కపలకలు పెడితే దిగబడవు. మంచం బరువు మారలేదు, అది పరుచుకున్న చోటు పెరిగిందంతే. పాదం సంగతీ అలాంటిదే. గడ్డినేల కాస్త లోపలికి ఒదిగి, అరికాలికి తగ్గట్టు మలుచుకుంటుంది. సిమెంటు ఒదగదు. అందుకే భారమంతా మడమ, బొటనవేలి మొదలు లాంటి కొన్ని చోట్లకే చేరుతుంది.

సిమెంటుకు సున్నా మార్కులు

పరుగు పందేల ట్రాకు ఎంత మెత్తగా ఉండాలో చెప్పడానికి అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంఘం ఓ కొలత పెట్టింది. 20 కిలోల బరువును కొద్ది ఎత్తు నుంచి నేల మీద పడేస్తారు. సిమెంటు నేల మీద పడినప్పటితో పోలిస్తే దెబ్బ ఎంత తగ్గిందో చూస్తారు. అంటే సిమెంటుకు వచ్చేవి సున్నా మార్కులు! మంచి సింథటిక్ ట్రాకు ఆ దెబ్బను 35 నుంచి 50 శాతం దాకా తగ్గించాలి. ఒలింపిక్స్‌లో ఇలాంటి ట్రాకు మొదటిసారి వేసింది 1968లో, మెక్సికో నగరంలో. మన గచ్చిబౌలి స్టేడియంలోనూ సింథటిక్ ట్రాకు ఉంది. కానీ గౌలిపుర నుంచి రోజూ పొద్దున్నే గచ్చిబౌలి వెళ్లడం ఎవరికి కుదురుతుంది?

కాలిలోనే స్ప్రింగు

మరైతే సిమెంటు మీద పరుగెత్తేవాళ్లంతా మంచాన పడాలి కదా? పడటం లేదు. ఎందుకంటే మన కాలు ఓ తెలివైన స్ప్రింగు. నేల మెత్తగా ఉంటే అది బిగుసుకుంటుంది. గట్టిగా ఉంటే మోకాలు, చీలమండ కాస్త ఎక్కువ వంగి మెత్తబడుతుంది. 1999లో అమెరికా శాస్త్రవేత్తలు ఓ ప్రయోగం చేశారు. మెత్తటి నేల మీద పరుగెత్తుతున్నవాళ్లు గట్టి నేల మీదికి రాగానే, తొలి అడుగులోనే కాలి బిగువు 29 శాతం తగ్గింది! తారు రోడ్డు దాటి చార్మినార్ రాళ్ల మీద కాలు పెట్టేటప్పుడు మనకు తెలియకుండానే ఒళ్లు ఇలాంటి సర్దుబాటే చేసుకుంటుంది.

ఈ సర్దుబాటు వల్లే నేల మారినా మొత్తం బలంలో పెద్ద తేడా కనిపించదు. ఒత్తిడి మాత్రం కొంత మారుతుంది. బ్రెజిల్‌లోని సావో పావ్లో పరిశోధకులు 47 మంది బూట్లలో సెన్సర్లు పెట్టి తారు, సిమెంటు, రబ్బరు, గడ్డి... నాలుగు నేలల మీదా పరుగెత్తించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం గడ్డి మీద మడమకు తగిలే గరిష్ఠ ఒత్తిడి 9 నుంచి 17 శాతం దాకా తక్కువ. పాదం ముందుభాగంలో తేడా ఇంకొంచెం తక్కువ. 2002లో కొద్దిమందితో జరిగిన మరో అధ్యయనంలో అసలు తేడాయే కనిపించలేదు. కాబట్టి గడ్డి మంచిదే గానీ, సిమెంటు మరీ శత్రువేం కాదు.

మెత్తదనం మితిమీరినా చిక్కే. ఇసుకలో పరుగెత్తాలంటే గట్టి నేల మీదకన్నా 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. ఎగుడుదిగుడు గడ్డిలో చీలమండ మడత పడే ప్రమాదమూ ఉంది.

మరి మోకాళ్ల మాటేమిటి? 2017లో ఎన్నో అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, సరదాగా పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందికే ఉంది. కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం! పోటీల కోసం తీవ్రంగా పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. అంటే పెద్దవాళ్ల భయంలో కొంత నిజముంది. కానీ అది నేల గురించి కాదు, అతి గురించి.

నొప్పి ఎందుకొస్తుంది?

గౌలిపుర కుర్రాళ్ల అసలు సమస్య ఇక్కడే ఉంది. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఇలాంటి పరీక్ష ఉంటుందని నెలల ముందే తెలిసినా, చాలామంది బూట్లు కట్టేది తేదీ వచ్చాకే! నిన్నటిదాకా కదలని కాలు ఒక్కసారిగా రోజుకు అయిదారు కిలోమీటర్లు సిమెంటు మీద పరుగెడితే ఏమవుతుంది? మోకాలి కింద ముందువైపు ఎముక సలుపుతుంది. పొద్దున మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్లుంటుంది. ఎముక తనను తాను బాగుచేసుకునే వేగం కన్నా మనం దెబ్బ కొట్టే వేగం ఎక్కువైతే సన్నటి పగుళ్లూ రావచ్చు. పరీక్ష రోజుకి గెలవాల్సిన కుర్రాడు కుంటుతూ ఇంట్లో ఉండిపోతాడు. ఉద్యోగం పోయింది నేల గట్టిగా ఉన్నందుకు కాదు, ఆ నేలకు అలవాటు పడే వ్యవధి కాలికి ఇవ్వనందుకు.

గల్లీలో పరుగు ఇలా...

* మొదటి రెండు మూడు వారాలు కాసేపు నడక, కాసేపు పరుగు. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగానే పెంచాలి.

* వారంలో ఒకటి రెండు రోజులైనా మట్టి, గడ్డి నేలకు వెళ్లాలి. దగ్గర్లోని బడి మైదానమైనా, పార్కులో మట్టి బాటైనా సరే.

* పొడుగు అంగలు వద్దు. చిన్న అడుగులు, చకచకా వేయాలి. నిమిషానికి పడే అడుగుల్ని 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గుతుందని 2011లో తేలింది. చెవిపెట్టి వినండి... 'టప్ టప్' చప్పుడు తగ్గిందంటే దారిలో పడ్డట్టే.

* కొత్త బూట్ల నురుగు మెత్తన 500 నుంచి 800 కిలోమీటర్లకు చచ్చిపోతుంటుంది. అన్నగారి పాత బూట్లు తమ్ముడికి పనికిరావు.

* ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే ప్రాణం పోయినట్లుంటే పరుగు ఆపి డాక్టర్ని కలవాలి.

* షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు రాళ్ల మీద ఉత్త కాళ్లతో అసలు తిరగకూడదు. ఒత్తిడికి పుండు పడినా వాళ్లకు నొప్పి తెలియదు. పరుగు మొదలుపెట్టే ముందు పాదాలు పరీక్ష చేయించుకోవాలి.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా రాళ్లు పరిచిన దారుల మీద బూట్లు లేకుండానే మారథాన్ గెలిచాడు. అందరూ ఆ గెలుపునే చెప్పుకొంటారు. ఆ పాదాల వెనక ఏళ్ల తరబడి సాగిన సాధన ఉందని మరిచిపోతారు. ఆషాఢంలో బోనం తలకెత్తుకుని ఇదే గల్లీల్లో ఉత్త కాళ్లతో నడిచే అమ్మలూ ఒక్క అడుగునూ గబుక్కున వేయరు. రేపు పొద్దున బూట్లు కట్టే కుర్రాడు చూసి నేర్చుకోవాల్సింది ఆ నిదానాన్నే.